‘ప్రెస్‌లో ఉంది’ అంటే ఎప్పుడొస్తుంది?

మా మేనకోడలి ఫోన్‌లో ఒక క్యాలెండర్ ఉంది. అందులో పండగలూ పుట్టినరోజులూ కనపడవు. రాబోయే ఇంగ్లీషు ప్రేమ నవలల తేదీలు మాత్రం రంగురంగుల్లో ఉంటాయి. ఆకుపచ్చవి ముందే డబ్బు కట్టేసినవట, గులాబీవి ఇంకా ఆలోచిస్తున్నవట. విశాఖలో, మధురవాడ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దానిది. ఓ ఆదివారం ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చి, వంజరం పులుసుతో అన్నం తిని, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఆ క్యాలెండర్ చూపిస్తూ అడిగింది.

“అత్తా, నువ్వు ఇన్ని తెలుగు నవలలు చదువుతావు కదా. వచ్చే ఆరు నెలల్లో తెలుగులో మంచి లవ్ స్టోరీలు ఏం రాబోతున్నాయో చెప్పు. ఒకటి రెండు నేనూ కొంటాను.”

నోరు తెరిచాను గానీ మాట రాలేదు. నలభై ఏళ్ళుగా నవలలు చదువుతున్నదాన్ని. రాబోయేవాటిలో నాకు ఖాయంగా తెలిసింది ఒకే ఒక్కటి. ఆ పబ్లిషర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా “ప్రెస్‌లో ఉందండీ” అంటారు. ఎనిమిది నెలలుగా ప్రెస్‌లోనే ఉంది.

ఆ సంగతే చెప్పాను. అది పడీపడీ నవ్వి, “ప్రెస్‌లో ఉంది అంటే ఏ తారీఖు?” అంది.

ఆ రోజుకి మాట మార్చి తప్పించుకున్నాను గానీ ప్రశ్న నన్ను వదల్లేదు. తెలుగులో నవలలు రాసేవాళ్ళు లేరా అంటే బోలెడంతమంది ఉన్నారు. చదివేవాళ్ళు లేరా అంటే, గాజువాక బస్సులో ఎవరి ఫోన్‌లోకి తొంగిచూసినా ఒకరిద్దరు ఏదో ఒక కథ చదువుతూ కనపడతారు. మరి రాబోయే నవల సంగతి ముందుగా తెలిసే దారి మనకెందుకు లేదు? ఎదురుచూడటం మనకి రాదా?

నిజానికి ఎదురుచూడటంలో మనల్ని మించినవాళ్ళు లేరు. కాకపోతే మనం పుస్తకం కోసం ఎప్పుడూ ఎదురుచూడలేదు. వారం కోసం ఎదురుచూశాం. చిక్కంతా అక్కడ మొదలైంది.

ముందు ఆ ఇంగ్లీషు క్యాలెండర్ సంగతి చూద్దాం, అది తేలిక. అక్కడ పెద్ద పబ్లిషర్ల దగ్గర రచయిత రాతప్రతి ఇచ్చాక పుస్తకం బయటికి రావడానికి మామూలుగా ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ టైమంతా ఊరికే పోదు. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు నంబరు, అట్టబొమ్మ, ధర, విడుదల తేదీ నెలల ముందే షాపులకీ హోల్‌సేల్ వాళ్ళకీ లైబ్రరీలకీ వెళ్ళిపోతాయి. వాళ్ళు మాకిన్ని కాపీలు కావాలని ఆర్డర్ పెడతారు. ఆ ఆర్డర్లు చూసుకుని ఎన్ని అచ్చు వెయ్యాలో తేలుస్తారు. సమీక్షలు రాసేవాళ్ళకి ముందస్తు కాపీలు అందుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పాఠకులు ముందుగా బుక్ చేసుకున్నవన్నీ విడుదలైన వారం అమ్మకాల్లో కలుస్తాయి. ఆరు నెలలపాటు చుక్కచుక్కగా పోగైన నీళ్ళు ఒక్కరోజున గేట్లెత్తినట్టు వస్తాయన్నమాట. ఆ ఊపుకి పుస్తకం బెస్ట్‌సెల్లర్ జాబితా ఎక్కుతుంది, జాబితాలో చూసి ఇంకొందరు కొంటారు. రెబెకా యారోస్ రాసిన ‘ఆనిక్స్ స్టార్మ్’ 2025 జనవరి 21న వచ్చి మొదటి వారంలోనే 27 లక్షల కాపీలు అమ్ముడైంది. రాజులూ డ్రాగన్‌లూ ప్రేమా కలిపిన నవల అది. షాపులవాళ్ళు అర్ధరాత్రి తలుపులు తెరిచి మరీ అమ్మారు. ఆ తేదీ పబ్లిషర్ కట్టుకున్న ఆనకట్ట లాంటిది. పాఠకులకి సౌకర్యం అన్నది దాని తరవాతి మాట.

అమెరికాలో కొత్త పుస్తకాలు ఎక్కువగా మంగళవారం విడుదలవుతాయి. ఇది చెబితే మా అమ్మ, “మంగళవారం పూట కొత్త పని ఎవరైనా మొదలెడతారా?” అంది. అదృష్టవశాత్తూ బ్రిటన్ వాళ్ళకి గురువారం అలవాటు.

ఇంగ్లీషులోనే ఇంకో రకం ఎదురుచూపు కూడా ఉంది, మన పద్ధతికి కాస్త దగ్గరగా. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ కంపెనీ ప్రేమ నవలల్ని నెలసరి సరుకులాగా మార్చింది. నెలకిన్ని కొత్త నవలలు, ఒకే సైజు, ఒకే రకం అట్ట, చివర్లో పెళ్ళి గ్యారంటీ. రచయిత్రి పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నెల గుర్తుంటే చాలు. 2008లో వాళ్ళు మన దేశంలో సొంతంగా ఆఫీసు తెరిచారు గానీ, అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వైజాగ్ ఫుట్‌పాత్‌ల మీద ఆ పాత పుస్తకాలు కుప్పలుగా దొరికేవి. కాలేజీ రోజుల్లో వాటిని ఫిజిక్స్ రికార్డులో పెట్టుకుని చదివినవాళ్ళు ఇవాళ అమ్మమ్మలు అవుతున్నారు. పేర్లు చెప్పనులెండి.

వారం కోసం ఎదురుచూసిన ఊరు

ఇక మన కథ. తెలుగులో కాలక్షేపం నవలలకి మొదటి పెద్ద అంగడి రైల్వే స్టేషన్. వెయ్యి నవలలు రాసిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు పుస్తకాలు ప్లాట్‌ఫారాల మీదే చేతులు మారాయి. రైలెక్కేముందు కొని దిగేలోగా పూర్తిచేసే నవలలవి. దానికి ఎదురుచూపేం అక్కర్లేదు, రైలు లేటయితే చాలు.

ఎదురుచూపు నేర్పింది పత్రికలు. 1960ల నుంచి ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ మాసపత్రికలు సీరియళ్ళతో ఇళ్ళలోకి వచ్చాయి. రాసింది ఎక్కువగా ఆడవాళ్ళు. చదివిందీ ఎక్కువగా వాళ్ళే, మగవాళ్ళు ఎవరూ చూడనప్పుడు చదివేవారు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమతి గెలిచింది, 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ జ్యోతిలో నెలనెలా వచ్చింది, 1976లో సినిమా అయింది. ఆరడుగుల హీరో, పొడవాటి కారు, మాటకి మాట చెప్పే ఉద్యోగస్తురాలైన హీరోయిన్, వీటి మీద ఇప్పుడు జోకులు వేసుకుంటాం గానీ, సొంత జీతం అందుకునే అమ్మాయి కథలో నాయిక అవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

నేను కంచరపాలెంలో పెరిగాను. మా వీధిలో వారపత్రిక కొనే ఇళ్ళు మూడో నాలుగో. మిగతావాళ్ళంతా ఆ పత్రిక చేతులు మారి తమ దాకా రావడం కోసం కాచుక్కూచునేవాళ్ళు. పత్రిక వచ్చే రోజు పొద్దున్నే ఎదురింటి మామ్మగారు గేటు దగ్గర నించునేవారు. ఆవిడకి చదవడం రాదు. “ఏటమ్మీ, పుస్తకం వచ్చీసిందా? ఆ పిల్ల ఇల్లొదిలి ఎల్లిపోనాదా, ఉన్నాదా?” అని అడిగేవారు. నేను మెట్ల మీద కూర్చుని గట్టిగా చదివి వినిపించాలి. నాలుగు పేజీలు అయ్యేసరికి సరిగ్గా ఎవరో తలుపు తట్టేవారు, లేదా ఉత్తరం విప్పేవారు, అక్కడ సన్నటి అక్షరాల్లో ‘సశేషం’ అని ఉండేది. మామ్మగారు ఆ రచయిత్రిని తిట్టని వారం లేదు. వచ్చేవారం మళ్ళీ గేటు దగ్గరే ఉండేవారు.

ఆ పత్రికలోనే ఇంకో పేజీలో ‘వచ్చేవారం నుంచి కొత్త సీరియల్ ప్రారంభం’ అని బొమ్మతో సహా ప్రకటన ఉండేది. మా మేనకోడలి క్యాలెండర్ చేసే పనంతా ఆ ఒక్క పేజీ చేసేది.

సీరియల్ పేజీలు మా అమ్మ జాగ్రత్తగా కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచేది. అయిపోయాక వాటిని సర్ది, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ షీటు అట్ట వేసేది. అలా కుట్టుకున్న నవలలు మా ఇంట్లో ఇప్పటికీ తొమ్మిది ఉన్నాయి. వెనకపేజీల్లో అజీర్తి మాత్రల ప్రకటనలు, సగం తెగిన వంటింటి చిట్కాలు. ఒకదాంట్లో పద్నాలుగో వారం లేదు, ఆ వారం ఎవరో ఎరువు తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. హీరోకి యాక్సిడెంట్ ఎలా అయిందో ఇప్పటికీ నాకు తెలీదు.

పబ్లిషర్ ఆ నవలని పుస్తకంగా వేసేది ఎప్పుడు? సీరియల్ అయిపోయాక. అంటే ముప్పై, నలభై వారాలపాటు పత్రిక ఆ నవలకి ఉచితంగా ప్రచారం చేసి పెట్టాక. ముగింపు ఊరందరికీ తెలిసిపోయాక. అప్పుడా పుస్తకం కొత్తది కాదు, దాచుకోవాల్సిన పాతది. మా అమ్మ దబ్బనంతో చేసిన పనే పబ్లిషర్ మెషీన్‌తో చేసేవాడు. ‘ఫలానా తారీఖున విడుదల’ అని చెప్పాల్సిన అవసరం అతనికి ఏనాడూ రాలేదు. అట్టమీద పేరు చూస్తే చాలు, జనం కొనేవాళ్ళు. అద్దె పుస్తకాల షాపులవాళ్ళు ఒక్కోటీ రెండు మూడు కాపీలు తెచ్చి, ఖాకీ అట్టవేసి, నంబరు రాసి, రోజుకింతని తిప్పేవాళ్ళు. మా పేటలో షాపతను గిరాకీ ఉన్న నవలలకి నోటుపుస్తకంలో వరస రాసేవాడు. మన పేరు ఆరోది అయితే రెండు వారాలు ఆగాలి. దాన్ని ప్రీ-ఆర్డర్ అంటారని మాకప్పుడు తెలీదు.

80ల్లో యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చేటప్పుడూ ఇదే వరస. ప్రేమ పోయి భయం వచ్చింది, ఎదురుచూపు మాత్రం అదే. తెలుగు ప్రచురణ ఇలా ఓ ముప్పై ఏళ్ళు ఇంకొకరి భుజం మీద నడిచింది. కొత్త నవల వస్తోందని చెప్పే పని పత్రికది, అచ్చువేసే పని పబ్లిషర్‌ది. భుజం ఉన్నంతకాలం నడక వచ్చా రాదా అన్న ప్రశ్నే లేదు.

ఆ భుజం రెండుసార్లు జారింది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి, సీరియల్ అనే మాటే టీవీకి వెళ్ళిపోయింది. మామ్మగారికి నా అవసరం తీరిపోయింది. తరవాత 2020 లాక్‌డౌన్. అప్పటికే ఈడుస్తున్న పత్రికలు వరసగా ఆగాయి. 1978 నుంచీ నెలకో పూర్తి నవల ఇచ్చిన ‘చతుర’ కూడా 2021లో సెలవు తీసుకుంది. అక్కడితో తెలుగు నవలకి తేదీ అనేది దాదాపుగా పోయింది.

పుస్తకం ఎక్కడ ఆగుతుంది

ఇప్పుడు ‘ప్రెస్‌లో ఉంది’ అనే మాటని విప్పి చూద్దాం. ఇది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. చాలాసార్లు ఆ పుస్తకం ప్రెస్ గుమ్మం కూడా తొక్కి ఉండదు.

మొదటి మజిలీ డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి పేజీలు తయారుచెయ్యడం. తెలుగు పుస్తకాల్లో చాలాభాగం ఇప్పటికీ ‘అను’ అనే పాతతరం ఫాంట్లలోనే తయారవుతాయి. రచయిత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా కనపడే అక్షరాల్లో, టైపుచేసి పంపుతారు, దాన్ని అనులోకి మారుస్తారు. ఆ మార్పిడిలో కొన్ని వత్తులు ఎగిరిపోతాయి, కొన్ని గుడులు పక్క అక్షరం మీద వాలతాయి. వాటిని పట్టుకోవడానికి ప్రూఫులు. ప్రూఫ్ రీడర్‌ని పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి, రచయితే చూస్తారు, ఆయన భార్య చూస్తుంది, రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు మొహమాటానికి చూస్తారు. రెండో ప్రూఫుకి రచయితకి కొత్త ఆలోచన వస్తుంది, మూడో అధ్యాయం మళ్ళీ రాస్తారు. ముందుమాట రాస్తానన్న పెద్దాయన అమెరికాలో మనవడి దగ్గర ఉంటారు. ఇవన్నీ ‘ప్రెస్‌లో ఉంది’ కిందికే వస్తాయి.

ఆ తరవాత నిజంగా ప్రెస్. హైదరాబాద్, విజయవాడ ప్రెస్‌లకి డిసెంబర్ వస్తే ఊపిరాడదు. క్యాలెండర్లు, డైరీలు, వాటితోపాటు పుస్తకాల పండగలకి కొత్త పుస్తకం ఉండాలని ఆరాటపడే పబ్లిషర్లందరి పనీ ఒకేసారి వచ్చిపడుతుంది. హైదరాబాద్ బుక్‌ఫెయిర్ మామూలుగా డిసెంబర్‌లో, 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో. తెలుగు పుస్తకానికి విడుదల తేదీ అంటూ ఏదైనా ఉంటే అవి ఆ నాలుగు వారాలే. అక్కడ స్టాల్లో కనపడకపోతే ఇక వేసవిదాకా ఎవరికీ తొందర ఉండదు.

దీనివెనక డబ్బు లెక్క చూడండి. ఇప్పుడు కొత్త నవల ఒకటి ఐదువందలో వెయ్యో కాపీలు వేస్తారు. ఐదువందలే అనుకుందాం, ధర 200 రూపాయలనుకుందాం. అన్నీ అమ్ముడైతే లక్ష. అందులో షాపు కమిషన్ మూడో వంతో అంతకంటే ఎక్కువో పోతుంది. మిగిలిన అరవై, అరవై ఐదు వేలల్లో కాగితం, అచ్చు, బైండింగ్, బొమ్మ వేసినవాళ్ళకి, రచయితకి ఏమైనా మిగిలితే రచయితకి. పైగా షాపులవాళ్ళు ముందుగా కొనరు. పుస్తకాలు పెట్టి వెళ్ళండి, అమ్మాక డబ్బిస్తాం అంటారు. ఆ అమ్మాక అనేదానికీ తారీఖు ఉండదు. ముందస్తు ఆర్డర్ అన్నదే లేనిచోట ఆరు నెలల ముందు తేదీ ప్రకటిస్తే పబ్లిషర్‌కి వచ్చే లాభం సున్నా, పాఠకుల ఫోన్లు అదనం. అందుకే తెలివైన పబ్లిషర్ పుస్తకం చేతికొచ్చేదాకా నోరు విప్పడు. ఇది అర్థమయ్యాక నాకు ఆ ఎనిమిది నెలల మనిషి మీద కోపం సగం తగ్గింది.

లైబ్రరీలు ముందుగా కొనచ్చు కదా అనిపిస్తుంది. మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, రసీదు తీసి చూసుకోండి. కానీ ప్రభుత్వ గ్రంథాలయాల్లో ఎంపిక, కొనుగోలు అంతా పుస్తకం వచ్చాక ఎప్పుడో జరిగే తతంగం. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయానికి నేను తరచూ వెళ్తాను. అక్కడ పోటీ పరీక్షల పిల్లలతో కుర్చీలు నిండి ఉంటాయి. వాళ్ళ మధ్య ప్రేమ నవల చదవడానికి నాకే కాస్త సిగ్గేస్తుంది.

పోస్టు సంగతి ఇంకోటి. చవగ్గా పుస్తకాలు పంపుకునే పాత బుక్‌పోస్ట్ సౌకర్యం 2024 డిసెంబర్‌లో ఆగింది. 2025 మేలో ‘జ్ఞాన్ పోస్ట్’ వచ్చింది, 300 గ్రాములకి 20 రూపాయల నుంచి మొదలు. పేరు బాగుంది. ప్రేమ నవల జ్ఞానం కిందికొస్తుందో రాదో కౌంటర్‌లో కూర్చున్నవారే చెప్పాలి.

అచ్చు కాకపోతే ఈ-బుక్ అయినా తేదీ ప్రకారం రావచ్చు కదా? ఇక్కడ మనకి మంచి అవకాశం తప్పింది. 2016 డిసెంబర్‌లో అమెజాన్ కిండిల్ భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. పక్కనున్న తమిళ రచయిత సొంతంగా నవల ఎక్కించి తేదీ ప్రకటించుకోగలుగుతుంటే, మనవాళ్ళు అను ఫాంట్ల పీడీఎఫ్‌లతో కుస్తీ పట్టారు. తెలుగు ఈ-బుక్‌లు అమ్మే కినిగె లాంటి మన సొంత ప్రయత్నాలు వచ్చాయి, వాటిలో నేనూ కొన్నాను. కానీ అందరి చేతుల్లో ఉన్న అంగట్లో మన భాషకి అర లేకపోవడం వేరే సంగతి.

మళ్ళీ సశేషం

పుస్తకం ఇలా తంటాలు పడుతుంటే ఎదురుచూపు మాత్రం ఖాళీగా కూర్చోలేదు. ఫోన్‌లోకి దూకింది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి అనే కథల యాప్‌లో తెలుగు విభాగం తెరిచి చూడండి. మొగుడూపెళ్ళాల గొడవలు, కాలేజీ ప్రేమలు, అగ్రిమెంట్ పెళ్ళిళ్ళు, పునర్జన్మలు, రోజుకో భాగం చొప్పున వస్తూనే ఉంటాయి. చాలా సిరీస్‌లలో తరవాతి భాగానికి తాళం ఉంటుంది. కాయిన్లు పెడితే ఇప్పుడే తెరుచుకుంటుంది, లేదంటే రేపటిదాకా ఆగాలి. మామ్మగారి గేటుకి ఇప్పుడు డిజిటల్ తాళం వేశారన్నమాట. ఆరడుగుల హీరో కూడా తిరిగొచ్చాడు. పొడవాటి కారు అమ్మేసి కంపెనీ పెట్టాడు, ఇప్పుడతను సీఈవో.

గాజువాకలో ఉండే నా స్నేహితురాలు ఒకామె అందులో రాస్తుంది. పగలు ఉద్యోగం, రాత్రి పది దాటాక, వంటిల్లు సర్దేశాక, ఫోన్‌లోనే రెండు బొటనవేళ్ళతో టైపుచేస్తుంది. ఒకరోజు భాగం పెట్టకపోతే పొద్దున్నకి “అక్కా, ఒంట్లో బాగుందా? నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?” అని వరసగా మెసేజ్‌లు. ఆమె నవల ఇప్పుడు నూట యాభయ్యో భాగంలో ఉంది. దాన్ని పుస్తకంగా వెయ్యమని నేనే పోరాను. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. భాగానికి వెయ్యి మాటలు, నూట యాభై భాగాలకి లక్షన్నర మాటలు, పుస్తకంలో ఆరువందల పేజీలు దాటుతుంది. ధర ఆరువందలు పెట్టాలి. అప్పటికే ఫోన్‌లో చదివేసినవాళ్ళు అంత పెట్టి ఎందుకు కొంటారు? చదవనివాళ్ళకి ఆమె ఎవరో తెలీదు.

ఇక్కడే పాతకాలానికీ ఇప్పటికీ తేడా ఉంది. వారపత్రిక సీరియల్‌కి ఎడిటర్ ఉండేవాడు. సాగదీస్తుంటే ఇంకో ఐదారు వారాల్లో ముగించమనేవాడు. ఆ కత్తెర వల్ల సీరియల్ అయిపోయేసరికి పుస్తకానికి సరిపడే నవల చేతిలో ఉండేది. యాప్‌కి కత్తెరతో పని లేదు, ఎంత సాగితే అంత మేలు. ప్రతి భాగం చివర గుండె ఆగాలి, మొత్తం నవలకి ఒక ఆకారం ఉందా లేదా అని అడిగేవాళ్ళు లేరు. ఆడియో సిరీస్‌ల యాప్‌లదీ అదే దారి, వందల ఎపిసోడ్లు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న సగంమంది ఎవరి పెళ్ళి ఆగిపోతుందో వింటున్నారని నా అనుమానం.

దీనివల్ల తెలుగు ప్రేమ నవల రెండుగా చీలింది. రోజూ ఎదురుచూసే పాఠకులు ఒకవైపు ఉన్నారు, వాళ్ళకి పుస్తకం అందదు. పుస్తకం ఇంకోవైపు ఉంది, దానికోసం ఎదురుచూసేవాళ్ళకి తేదీ అందదు. ఒకప్పుడు ఈ రెంటికీ మధ్య వంతెనగా వారపత్రిక ఉండేది. యాప్‌లో పేరు తెచ్చుకున్న నవలని పట్టుకుని, ధైర్యంగా మూడింట రెండొంతులు కోసేసి, రెండొందల పేజీల పుస్తకంగా ఇచ్చే ఎడిటర్ ఒకరు దొరికితే ఆ వంతెన మళ్ళీ పడుతుందని నా నమ్మకం. నా స్నేహితురాలికి ఈ మాట చెబితే, “నా హీరోయిన్ అత్తగారిని కోసేస్తావా?” అని రెండు రోజులు మాట్లాడలేదు.

కొత్తతరం పబ్లిషర్లు ఈమధ్య కొంచెం కదిలించారు. అన్వీక్షికి, ఛాయ, ఆజు లాంటి సంస్థలు అట్టబొమ్మ ముందుగా సోషల్ మీడియాలో పెడుతున్నాయి. ముందే యూపీఐలో డబ్బు పంపితే తగ్గింపు అంటున్న చిన్న ప్రచురణలూ కనపడుతున్నాయి. పబ్లిషర్‌కి అచ్చు ఖర్చులో కొంత ముందే చేతికొస్తుంది, ఎన్ని వెయ్యాలో అంచనా తెలుస్తుంది. ఇంగ్లీషువాళ్ళ ఆనకట్టతో పోలిస్తే ఇది పిల్లకాలువే, కానీ పారుతోంది. వీళ్ళ పుస్తకాల్లో ప్రేమకథలు తక్కువ. కాలక్షేపం నవల అంటే మన సాహిత్య లోకానికి ఇంకా కాస్త చిన్నచూపే. దాని గురించి ఇంకోసారి తగువు పెట్టుకుంటాను.

మరి రాబోయేదేమిటో ఎలా కనిపెట్టాలి? నేను చూసే గుర్తులు రెండు మూడే. నవలల పోటీల ఫలితాలు మొదటిది. అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టే పోటీ లాంటిదాంట్లో బహుమతి వచ్చిందంటే ఆ నవల ఏదో ఒక రోజు అచ్చులో కనపడుతుందని ధైర్యం. ఇష్టమైన రచయిత ఫేస్‌బుక్‌లో హఠాత్తుగా మౌనం పాటిస్తే నవల రాస్తున్నట్టు. అదే రచయిత హఠాత్తుగా రోజూ ఫొటోలు పెడితే ప్రూఫులు అయిపోయినట్టు. ఇందులో శాస్త్రమేమీ లేదు గానీ నాకు నాలుగుసార్లు నిజమైంది.

ఆవిష్కరణ సభని మాత్రం విడుదల అనుకోకండి. ఇంగ్లీషులో పుస్తకం వచ్చిన రోజే సంబరం. మనకి విడుదల వేరు, ఆవిష్కరణ వేరు. ముఖ్య అతిథికి ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు ఆవిష్కరణ. పుస్తకం అప్పటికే రెండు నెలల నుంచి అమ్ముతూ ఉండచ్చు, లేదా సభకోసం పాతిక కాపీలు మాత్రమే బైండింగ్ అయి వచ్చి ఉండచ్చు. పైగా మన వక్తలకి కథంతా, ముగింపుతో సహా, వేదిక మీదే చెప్పేసే మంచి అలవాటు ఉంది. ఒకసారి ఒక సభలో నేను చెవులు మూసుకుని కూర్చున్నాను. పక్కాయన నాకు చెవిపోటనుకుని జేబులోంచి దూది తీసి ఇచ్చాడు.

ఇదంతా విడతలుగా మా మేనకోడలికి ఫోన్‌లో చెప్పాను. శ్రద్ధగానే వింది. పోయిన ఆదివారం వచ్చినప్పుడు, “సరే, నువ్వు ఎదురుచూస్తున్న ఆ నవల కూడా నా క్యాలెండర్‌లో పెడతాను, పేరు చెప్పు” అంది. చెప్పాను. తారీఖు అడగలేదు. పబ్లిషర్‌కి నా ముందే స్పీకర్ ఆన్ చేసి ఫోన్ చేసింది. “ప్రెస్‌లో ఉందమ్మా, ఈసారి ఖాయం” అన్నారాయన.

ఫోన్ పెట్టేసి, డిసెంబర్ ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా మొత్తం పసుపు రంగు పూసింది. జనవరి మొదటి పదిరోజులు కూడా పుయ్యమన్నాను.